నడక ఫలితం తూకం మీద కాదు, నడుము దగ్గర తెలుస్తుంది

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా ఆత్రేయపురం మండలంలో, గౌతమి గోదావరి ఒడ్డున ఉన్న ఊరు వాడపల్లి. ఇక్కడి వేంకటేశ్వరస్వామి ఆలయానికి ప్రతి శనివారం వేలాదిగా జనం వస్తారు. ఏడు శనివారాలు వచ్చి, వచ్చినప్పుడల్లా గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేయడం ఇక్కడి ఆనవాయితీ. దూరం నుంచి కాలినడకన వచ్చేవాళ్లూ ఉన్నారు. మిగతా ఆరు రోజులు ఊరు మామూలే. పక్కవీధిలోని కిరాణా కొట్టుకు కూడా బండి తీసే రోజులివి.

నడిస్తే ఆరోగ్యానికి మంచిదని ఎవరికీ చెప్పనక్కర్లేదు. డాక్టరు చెబుతాడు, టీవీ చెబుతుంది, ఫోన్ చెబుతుంది. అయినా నడక మొదలుపెట్టినవాళ్లలో చాలామంది రెండు మూడు నెలలకే మానేస్తారు. కారణం అడిగితే ఒకటే మాట: "ఇన్ని రోజులు నడిచాం, కిలో కూడా తగ్గలేదు. ఏం లాభం?"

ఆ మాటలో సగం నిజమే. నడకతో బరువు పెద్దగా తగ్గదు. కానీ బరువు తగ్గకపోయినా నడక వల్ల గుండె, నడుము, రక్తంలో చక్కెర మారతాయి. తూకం యంత్రం వాటిని చూపించదు. దాన్ని నమ్ముకుని నడక మానేస్తే, పనిచేస్తున్న మందును మధ్యలో ఆపేసినట్టే.

గోదావరి పల్లెల్లో తేలిన లెక్క

గుండె జబ్బు, షుగర్ పట్నంవాళ్ల రోగాలని ఒకప్పుడు అనుకునేవారు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లెల్లోనే ఆ మాట తప్పని తేలింది. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో 45 గ్రామాల్లో, సుమారు 1 లక్షా 80 వేల జనాభాలో, 2003-04లో ఏడాది పాటు సంభవించిన మరణాలను పరిశీలించారు. మొత్తం 1,354 మరణాలు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటువ్యాధుల వల్ల చనిపోయినవారు సుమారు 12 శాతం మాత్రమే.

అదే కార్యక్రమంలో భాగంగా 30 ఏళ్లు దాటినవారికి షుగర్ పరీక్షలు చేస్తే సుమారు 13 శాతం మందికి మధుమేహం ఉన్నట్టు బయటపడింది. అందులో దాదాపు సగం మందికి తమకు జబ్బు ఉందన్న సంగతే తెలియదు. ఇది ఇరవై ఏళ్ల కిందటి లెక్క. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారు. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు.

కొబ్బరి తోటలు, వరి చేలు, కాలువ గట్ల మధ్య ఉన్నాం కాబట్టి మన ఒంటికి పని ఉందిలే అనుకోవడానికి లేదు. దమ్ము ట్రాక్టర్ చేస్తోంది, కోత యంత్రం కోస్తోంది, నీళ్లు మోటారు తోడుతోంది. పని పోయింది, తిండి మాత్రం తగ్గలేదు.

32 పరిశోధనలు కలిపి చూస్తే

నడక వల్ల ఒంట్లో కచ్చితంగా ఏం మారుతుంది? వ్యాయామం చేయని మనుషులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును నడిపించి, రెండో జట్టును మామూలుగా ఉంచి చేసిన 32 పరిశోధనల ఫలితాలను 2015లో ఒకచోట చేర్చి లెక్కగట్టారు. నడిచిన జట్టులో సగటున కనిపించిన మార్పులు ఇవి:

బరువు: 1.37 కిలోలు తగ్గింది.
నడుము చుట్టుకొలత: 1.51 సెంటీమీటర్లు తగ్గింది.
ఒంట్లో కొవ్వు వాటా: 1.22 శాతం పాయింట్లు తగ్గింది.
బీపీ: పై అంకె 3.58, కింది అంకె 1.54 తగ్గాయి.
ఊపిరి సత్తువ: శ్రమ చేసేటప్పుడు ఒళ్లు వాడుకోగల ఆక్సిజన్, కిలో బరువుకు నిమిషానికి 3 మిల్లీలీటర్లకు పైగా పెరిగింది.

బరువులో తేడా కిలోన్నర కూడా లేదు. ఒక పూట ఎక్కువ తిని, నీళ్లు తాగినా తూకంలో అంత తేడా కనిపిస్తుంది. అందుకే చాలామంది దాన్ని గమనించరు.

చివరి లెక్క మాత్రం చిన్నది కాదు. కదలకుండా కూర్చున్నప్పుడు మనిషి వాడుకునే ఆక్సిజన్ కిలోకు నిమిషానికి సుమారు 3.5 మిల్లీలీటర్లు. నడక వల్ల పెరిగింది దాదాపు అంత. మాటల్లో చెప్పాలంటే, మేడ మెట్లు ఎక్కేసరికి రొప్పు వచ్చే మనిషి ఆగకుండా ఎక్కగలుగుతాడు. బిందె మోసినా, బియ్యం బస్తా జరిపినా గుండె మునుపటంత దడదడలాడదు.

జమా ఖర్చు చూస్తే

బరువు ఎందుకు తగ్గడం లేదో కాగితం మీద లెక్క వేస్తే తెలిసిపోతుంది. 70 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే సుమారు 155 కేలరీలు ఖర్చవుతాయి. అదే అరగంట ఊరికే కూర్చున్నా 35 దాకా ఖర్చయ్యేవే. అవి తీసేస్తే నడక వల్ల నికరంగా అయిన ఖర్చు 120 కేలరీలు.

వారానికి ఐదు రోజుల చొప్పున 12 వారాలు నడిస్తే మొత్తం 7,200. ఒక కిలో కొవ్వులో ఉండేది సుమారు 7,700. అంటే మూడు నెలలు క్రమం తప్పకుండా నడిచినా కాగితం మీద కూడా కిలో నిండదు. రెండు నెలలకు మూడు కిలోలు తగ్గాలని ఆశపడితే తప్పు నడకది కాదు, ఆశది.

ఇక జమ వైపు చూద్దాం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు దేశమంతా తెలిసింది, సంతోషం. కానీ రేకుల మధ్య 10 గ్రాముల నెయ్యి, 20 గ్రాముల పంచదార పడితే ఆ రెండింటితోనే 170 కేలరీలు. అరగంట నడక ఒక్క పూతరేకుతో సరి. రెండు చెంచాల పంచదార వేసిన టీ నాలుగుసార్లు తాగితే పంచదార ఒక్కటే 160. కూరలో ఒక పెద్ద గరిటెడు నూనె ఎక్కువ పోస్తే అదీ అంతే.

బరువు తగ్గడమే లక్ష్యమైతే దస్తర్‌ఖాన్ దగ్గర మార్పు రావాలి. నడక దానికి తోడు మాత్రమే. పొద్దున నడిచాం కదా అని మధ్యాహ్నం బిర్యానీ మరో ప్లేటు వడ్డించుకుంటే ఖాతా మళ్లీ అప్పుల్లోకే వెళ్తుంది.

సన్నగా ఉన్నా లోపల కొవ్వు

బరువును నమ్ముకోకూడదనడానికి ఇంకో కారణం ఉంది. అది మన ఒంటి తీరు. పుణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కొవ్వు కొలిస్తే మాత్రం యుడ్కిన్ ఒంట్లో 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. తూకంలో సమానంగా ఉన్న ఇద్దరిలో భారతీయుడి ఒంట్లో కొవ్వు రెట్టింపుకు పైనే.

మనవాళ్లలో చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట ముందుకు రావడం మామూలుగా చూసేదే. పొట్ట లోపల పేగులు, కాలేయం చుట్టూ చేరే కొవ్వే ఎక్కువ ప్రమాదకరం. ఇన్సులిన్ సరిగా పనిచేయకుండా అది అడ్డుపడుతుంది. అందుకే మన దేశంలో బీఎంఐ 23 దాటితేనే అధిక బరువుగా చూస్తారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. అంగుళాల్లో చెప్పాలంటే సుమారు 35న్నర, 31న్నర.

కొలవడానికి దర్జీ టేపు చాలు. ప్యాంటు కట్టుకునే చోట కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన టేపు చుట్టాలి. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి.

కదిలే మనిషికీ కూర్చునే మనిషికీ తేడాను మొదట లెక్కల్లో చూపించినవారిలో బ్రిటన్ డాక్టర్ జెర్రీ మోరిస్ ఒకరు. లండన్ రెండంతస్తుల బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే, సీటులో కూర్చునే డ్రైవర్లకు గుండె జబ్బు ఎక్కువని 1953లో ఆయన ప్రకటించారు. తర్వాత వాళ్ల యూనిఫాం కొలతలు తీయిస్తే, డ్రైవర్ల ప్యాంట్లకు నడుము పెద్దది. కొందరికి ఉద్యోగంలో చేరేనాటికే ఆ తేడా ఉంది కాబట్టి తప్పంతా సీటుదే అనలేం. కానీ నడుము కొలతకూ గుండెకూ ఉన్న సంబంధం మీద అప్పటి నుంచీ వైద్యుల చూపు పడింది.

చెన్నైలో బరువు తగ్గలేదు, షుగర్ తగ్గింది

"బరువు తగ్గకపోతే ఏం లాభం" అన్న ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే పరిశోధన మన పక్కనే చెన్నైలో జరిగింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందిని తీసుకుని మూడేళ్లు గమనించింది. ఫలితాలు 2006లో వచ్చాయి. ఒక జట్టుకు మామూలు సలహా. ఒక జట్టుకు తిండిలో మార్పులతో పాటు రోజుకు కనీసం అరగంట వేగంగా నడవమని చెప్పి, వెంటపడి చేయించారు. మిగతా రెండు జట్లలో ఒకదానికి మెట్‌ఫార్మిన్ మాత్ర, ఇంకోదానికి మాత్రా నడకా రెండూ.

మూడేళ్లకు మామూలు జట్టులో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. నడక, తిండి మార్చుకున్న జట్టులో 39.3 శాతానికే వచ్చింది. అంటే ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. మాత్ర వేసుకున్న జట్టులో 40.5 శాతం. నడక, తిండి చేసిన పని మాత్ర చేసిన పనితో సమానంగా నిలిచింది. విశేషం ఏమిటంటే, నడిచిన జట్టులో బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. తూకం చూసి మానేసి ఉంటే ఆ లాభం వాళ్లకు దక్కేది కాదు.

దీని వెనక పని కండరాలది. తొడలు, పిక్కలు ఒంట్లోని పెద్ద కండరాలు. అవి పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి లాక్కుంటాయి. నడక ఆపాక కూడా ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్‌కు బాగా స్పందిస్తాయి. ఆ తర్వాత ఆ గుణం తగ్గిపోతుంది. అందుకే వరుసగా రెండు రోజులకు మించి నడక మానకూడదని షుగర్ ఉన్నవాళ్లకు చెబుతారు. శనివారం ఒక్కరోజు గంటల తరబడి నడవడం వృథా కాదు, కానీ శుక్రవారం దాకా దాని ప్రభావం ఉండదు.

ఎంత నడవాలి, ఎంత వేగంగా

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ కావాలి. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే కనీస లెక్క సరిపోతుంది. ఒకేసారి కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లయినా చాలు.

వేగానికి కొలత సులువు. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. అంకె కావాలంటే నిమిషానికి 100 అడుగులు. కబుర్లు చెప్పుకుంటూ, ఆగుతూ నడిస్తే ఏమీ చేయకపోవడం కంటే మేలే, కానీ గుండెకు పని పడదు.

రోజుకు 10,000 అడుగులన్నది డాక్టర్లు పెట్టిన గీత కాదు. 1965 ప్రాంతంలో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్మడానికి పెట్టిన పేరు అది. అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది మహిళలపై 2019లో వచ్చిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారి కంటే 4,400 వేసేవారిలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దగ్గరికి వచ్చాక లాభం పెరగడం ఆగింది. పదివేలు పూర్తికావడం లేదని ఇంట్లో అమ్మీ, నానమ్మ దిగులు పడనక్కర్లేదు.

ఇంట్లో ఆడవాళ్ల సంగతి

మన దేశంలో కావలసినంత శారీరక శ్రమ లేనివాళ్లు 2022లో మగవారిలో 42 శాతం, ఆడవారిలో 57 శాతం. వంటింట్లో రోజంతా నిలబడే ఉంటాం కదా అని ఆడవాళ్లు అంటారు. కాళ్లు నొప్పి పుట్టడం నిజమే, కానీ నిలబడి చేసే పనిలో గుండె వేగం అందుకోదు. అలసట వేరు, వ్యాయామం వేరు.

బయటికి వెళ్లడానికి వీలు, తోడు, వెలుతురు కావాలి. ఏటిగట్టు మీద తెల్లవారుజామున ఒక్కరే నడవడానికి జంకడంలో తప్పులేదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఫజర్ తర్వాత వెలుగు వచ్చాక బయల్దేరడం, మేడ మీద లేదా పెరట్లో పది నిమిషాల చొప్పున తిరగడం, పిల్లల్ని బడికి నడిపించుకుని వెళ్లడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. బుర్ఖా వేసుకుని నడిచేవారు పల్చటి నూలు బట్ట ఎంచుకోవడం, పాదాలకు చిక్కుకోని పొడవు చూసుకోవడం మంచిది. కోనసీమ ఉక్కపోతలో పొద్దున ఎనిమిది దాటాక నడక కష్టం. ఇంట్లో మగవాళ్లు ఆ అరగంట పిల్లల్ని చూసుకుంటే చాలా ఇళ్లలో సమస్య అక్కడే తీరిపోతుంది.

హజ్, ఉమ్రాకు వెళ్లాలనుకునే కుటుంబాలకు నడక అలవాటు ఇంకా అవసరం. సఫా, మర్వాల మధ్య దూరం సుమారు 450 మీటర్లు. సయీలో ఏడుసార్లు నడిస్తే 3 కిలోమీటర్లు దాటుతుంది. అంతకుముందు తవాఫ్ ఏడు చుట్లు. అక్కడికి వెళ్లాక కాళ్లు వాచాయనుకునే బదులు మూడు నాలుగు నెలల ముందే ఇక్కడ మొదలుపెట్టాలి.

భోజనం తర్వాత, రంజాన్‌లో

భోజనం చేశాక పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడిచినా రక్తంలో చక్కెర ఒక్కసారిగా పైకి లేవడం తగ్గుతుంది. రాత్రి తినగానే పడుకునే అలవాటున్న ఇళ్లలో ఇది తేలికైన మార్పు. ఇషా నమాజుకు మసీదుకు బండి మీద కాకుండా నడిచి వెళ్లి రావడం కూడా ఇదే పని చేస్తుంది.

రంజాన్‌లో వేగంగా నడిచే పని ఇఫ్తార్ తర్వాత పెట్టుకోవడం క్షేమం. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవారు ఉపవాసంలో ఉండగా గట్టిగా నడిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే ఆగి వెంటనే చక్కెర తీసుకోవాలి. రంజాన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడి మందుల వేళలు మార్చుకోవాలి. మిగతా రోజుల్లోనూ ఈ మందులు వాడేవారు జేబులో నాలుగు చక్కెర బిళ్లలు ఉంచుకోవడం మంచిది.

నడుస్తుండగా ఛాతీ మధ్యలో బిగబట్టినట్టు ఉన్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా అది గ్యాస్ అని సరిపెట్టుకోకూడదు. ఆగి ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకూడదు. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే చిన్న ముల్లు గుచ్చుకున్నా తెలియదు, అదే పుండవుతుంది.

నడక చేయలేని పని

నడకతో అన్నీ రావు. కాళ్లకు కొంత బలం వస్తుంది, చేతులకు, భుజాలకు, వీపుకు రాదు. వయసుతో కండ కరిగిపోవడాన్ని నడక ఒక్కటే ఆపలేదు. అందుకే వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే సూచనల్లో చెప్పింది. జిమ్ అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వెనక్కి వంగడం, నీళ్ల సీసాలు ఎత్తడం చాలు. దానికి తోడు తిండిలో గుడ్డు, పప్పు, చేప, పెరుగు ఉండాలి. తిండి బాగా తగ్గించి నడక మాత్రమే చేస్తే తగ్గే బరువులో కండ కూడా పోతుంది. అది మంచి తగ్గుదల కాదు.

పుస్తకంలో నాలుగు అంకెలు

నడక మొదలుపెట్టే రోజున చిన్న పుస్తకంలో నాలుగు అంకెలు రాసి పెట్టుకోవాలి. నడుము చుట్టుకొలత. పొద్దున కాసేపు కూర్చున్నాక చూసిన బీపీ. పరగడుపు షుగర్. ఇంటి నుంచి ఒకే చోటికి, ఉదాహరణకు లొల్ల లాకుల దాకానో మసీదు దాకానో, నడవడానికి పట్టిన నిమిషాలు. తూకం రాసుకున్నా పరవాలేదు, ఐదో వరసలో.

మూడు నెలలకు మళ్లీ అవే రాయాలి. అదే దూరానికి రెండు నిమిషాలు తక్కువ పట్టినా, టేపు ఒకటిన్నర సెంటీమీటర్లు లోపలికి వచ్చినా, బీపీ మూడు పాయింట్లు దిగినా నడక పనిచేస్తున్నట్టే. తూకం ముల్లు కదలకపోయినా సరే. షుగర్, బీపీ మందులు మాత్రం అంకెలు బాగున్నాయని ఎవరికి వాళ్లు మానేయకూడదు. ఆ పుస్తకం తీసుకెళ్లి డాక్టరుకు చూపించాలి. తగ్గించాలో లేదో ఆయన చెబుతారు.